నా నంబరుకి ఊరు పెట్టిన పేరు

ఈ సంగతి ఇప్పటికి చాలామందికి చెప్పాను. ఒక్కరూ వినలేదు. పేపరువాళ్లకి ఉత్తరం రాస్తే వెయ్యలేదు. అదే వారం ఎవరి పెరట్లోనో గుమ్మడికాయ వినాయకుడి ఆకారంలో కాసిందంటే ఫోటోతో సహా వేశారు. సోమవారం అర్జీల రోజున మండలాఫీసుకి వెళ్లి చెప్పబోతే, "ఇది ఇంటర్నెట్ వ్యవహారమండి, మా పరిధిలోకి రాదు" అన్నారు. మరెవరి పరిధిలోకి వస్తుందని అడిగితే నెత్తిమీద ఫ్యాను వైపు చూశారు. ఆ ఫ్యాను తిరగడం లేదు. దాని గురించి కూడా అంతకుముందు రెండుసార్లు నేను చెప్పి ఉన్నాను.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. చదవడం ఇష్టం లేనివాళ్లు మూసేసుకోవచ్చు. నేను చెప్పలేదని మాత్రం రేపు ఎవరూ అనడానికి వీల్లేదు.

మాది పలివెల దగ్గర. కొబ్బరితోట, కాలవ పక్కన కాస్త వరిచేను. నాకు ఉన్నది ఒక్కటే అలవాటు. ఏదైనా సవ్యంగా లేకపోతే, దానికి సంబంధించిన మనిషికి ఫోను చేస్తాను. వీధి లైటు వెలగకపోతే చేస్తాను. పట్టపగలు వెలుగుతూ ఉన్నా చేస్తాను. మురుగు కాలవలో గుర్రపుడెక్క పేరుకుపోతే చేస్తాను. తీసినవాళ్లు దాన్ని గట్టు మీదే పడేసి పోతే మళ్లీ చేస్తాను. పెళ్లి భోజనాల్లో నాకు పూతరేకు వడ్డించకుండా పక్క విస్తరికి వెళ్లిపోయారని వంటాయనకి మర్నాడు ఫోను చేశాను. అది జరిగి చాలా ఏళ్లయింది. ఆ వడ్డించినవాడి చొక్కా రంగు ఇప్పటికీ చెప్పగలను.

మా కోనసీమలో ఎవరూ ముఖం మీద కాదనరు. ఏం చెప్పినా "ఆయ్, అలాగేనండి" అంటారు. "చూత్తామండి", "తవరు చెప్పేక చెయ్యకపోవడవా అండీ" అంటారు. ఫోనులో ఆ మాటలు వింటూ ఉంటే పని అయిపోయినంత హాయిగా ఉంటుంది. పని కాదు. అది వేరే సంగతి. కనీసం ఆ 'ఆయ్' అయినా దక్కేది.

గత ఏడాది ఆ 'ఆయ్' కూడా పోయింది. ఫోను మోగుతుంది, ఎవరూ ఎత్తరు. మొదట టవరు లోపమనుకుని టవరువాళ్లకి ఫోను చేశాను. వాళ్లూ ఎత్తలేదు. నా ఫోనే పాడైందేమోనని అమలాపురం తీసుకెళ్లి చూపిస్తే, షాపువాడు ఫోను భేషుగ్గా ఉందన్నాడు. భేషుగ్గా ఉంటే ఎవరూ ఎందుకు ఎత్తడం లేదయ్యా అన్నాను. అతను అదోలా చూసి, తర్వాతి మనిషిని పిలిచాడు.

వానాకాలంలో ఒకనాటి ఉదయం ఈదురుగాలికి కొబ్బరిచెట్టు మట్ట విరిగి కరెంటు తీగ మీద పడింది. తీగ తెగి కాలవగట్టు దారికి అడ్డంగా పడింది. వాన కురుస్తోంది, దారంతా నీళ్లు. నేను చేనువైపు వెళ్తూ అంత దూరం నుంచే చూశాను కాబట్టి సరిపోయింది. గొడుగు పట్టుకుని అక్కడే నిలబడి లైన్‌మాన్‌కి ఫోను చేశాను. ఎత్తలేదు. సబ్‌స్టేషన్‌కి చేశాను. ఎత్తలేదు. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే మా బావమరిదికి చేశాను. ఊళ్లో గుర్తున్న ప్రతివాడికీ చేశాను. మా ఆవిడ కూడా ఎత్తలేదు. ఆవిడ కారణం వేరు, పెరట్లో ఉంటే ఆవిడకి పిడుగు పడినా వినపడదు.

వదిలి వెళ్దామంటే ఆ దారిన ఎవరొస్తారో తెలియదు. గంటన్నర అలాగే నిలబడ్డాను. నాలుగు గేదెలు వచ్చాయి. గొడుగు ఊపి అదిలిస్తే వెనక్కి తిరిగి వెళ్లిపోయాయి. ఆ ఏడాదిలో నా మాట మొదటిసారికే విన్నవి అవే.

చివరికి మా పక్కింటివాళ్ల కోడలు స్కూటీ మీద వచ్చింది. కొత్తపేటలో ఒక స్కూల్లో పిల్లలకి కంప్యూటర్ చెబుతుంది. భర్త కువైట్‌లో పని. నేను రెండు చేతులూ అడ్డం పెట్టి అరిచేసరికి ఆగింది.

"అమ్మో! ఎంతసేపట్నుంచి ఉన్నారు మావయ్యగారూ? లైన్‌మాన్‌కి చెప్పలేదా అండీ?"

"ఎనిమిదిసార్లు చేశానమ్మా. ఎత్తడు."

ఆమె తన ఫోను తీసి చేసింది. ఒక్క రింగుకి ఎత్తాడు. "చెప్పమ్మా" అన్న అతని గొంతు నాకు కూడా వినపడింది. పది నిమిషాల్లో కరెంటు ఆగింది, అరగంటలో మనిషి వచ్చాడు. తీగ మనిషి మీద పడి ఉంటే ఏమయ్యేదని నేను అరుస్తూ ఉంటే అతను తల వంచుకుని "ఆయ్, ఆయ్" అంటూ తీగ చుట్టుకున్నాడు.

అతను వెళ్లాక ఆమె నసిగింది. "మావయ్యగారూ, ఓ సంగతి చెప్తే ఏవనుకోరు కదండీ?"

"అనుకుంటాను. చెప్పు."

"నా నంబరు చెప్తాను, ఓసారి నాకు ఫోను చెయ్యండి."

చేశాను. ఆమె ఫోను మోగింది. తెర మొత్తం ఎర్రగా అయిపోయింది. ఆ ఎరుపు మీద తెల్లటి అక్షరాలు: 'కంప్లైంట్ గారు ఎత్తొద్దు'. దాని కింద, ఈ నంబరు విసిగిస్తుందని చాలామంది చెప్పారు, అని ఇంకో వాక్యం.

"ఎవరిదమ్మా ఇది?"

"మీదేనండి."

ఆ యాప్ మా ఊరికి ఎలా వచ్చిందో కూడా అప్పుడే చెప్పింది. అంతకుముందు ఒక రిటైర్డ్ మాస్టారికి వీడియో కాల్ వచ్చింది. ఖాకీ బట్టలు వేసుకున్న ఎవడో, మీ పేరు మీద వచ్చిన పార్శిల్లో ఉండకూడని సరుకు దొరికింది, మిమ్మల్ని ఫోనులోనే అరెస్టు చేశాం, కదలొద్దు అన్నాడట. పాపం ఆయన పొద్దున్నుంచి భోజనాల వేళదాకా కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. వాళ్లావిడ వచ్చి "అన్నం చల్లారిపోతోందండీ" అని ఫోను లాక్కుంటే ఆ అరెస్టు పూర్తయింది. ఆ దెబ్బకి ఊరంతా భయపడి, ఫోను చేసేవాడు ఎవడో ముందే చెప్పే ఈ యాప్ పెట్టుకుంది. పెట్టుకునేటప్పుడు అది ఏదో అడుగుతుంది, అందరూ సరే అని నొక్కుతారు. అంతే, ఫోనులో దాచుకున్న పేర్లూ నంబర్లూ అన్నీ ఆ కంపెనీకి వెళ్లిపోతాయి. ఒక నంబరుకి ఎక్కువమంది ఏ పేరు రాసుకున్నారో, ఆ పేరే దేశం మొత్తానికి చూపిస్తుంది.

అంటే దొంగల కోసం పెట్టుకున్న తలుపులో ఇరుక్కున్నది నేను. నాకు ఆ యాప్ లేదు. నన్నెవరూ అడగలేదు. అయినా నేను అందులో ఉన్నాను, ఎర్రగా.

"ఇంతమందీ ఒకే పేరు ఎలా రాశారమ్మా? కూడబలుక్కున్నారా?"

"అబ్బే, లేదండి. ఎవరో మీ నంబరు అడిగితే మన ఊరి గ్రూపులో కాంటాక్టు కార్డు పెట్టేరండి. పేరుతో సహా అలాగే దాచేసుకున్నాం... దాచేసుకున్నారు."

నోరు జారిన సంగతి నేను గమనించాను. ఆ పిల్ల మంచిది కాబట్టి ఊరుకున్నాను. ఊరుకున్నానే గాని మర్చిపోలేదు.

గ్రూపులో కార్డు పెట్టింది ఎవరో చూస్తే మా బావమరిది. మర్నాడు పొద్దున్నే అంబాజీపేట వెళ్లాను. లారీకి కాయ ఎక్కుతోంది. అతను ఫోను చెవిలో పెట్టుకుని డ్రైవరు మీద కేకలేస్తున్నాడు. నన్ను చూసి ఫోను జేబులో వేసుకున్నాడు.

"రండి రండి బావగారూ! బొండం కొట్టించనా?"

"బొండం తర్వాత. నా నంబరు నీ ఫోనులో ఏమని రాసుకున్నావు?"

"అదేటండీ ఆ ప్రశ్న? బావగారనే ఉంటాది."

"చూపించు."

"ఛార్జింగు లేదండి."

"ఇప్పుడే కదా డ్రైవర్ని తిట్టావు."

"ఆ తిట్టుకే అయిపోయిందండి."

నేను కొబ్బరికాయల గుట్ట పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. చూపించేదాకా కదలనన్నాను. లారీ ఎక్కించేవాళ్లు కాయలు విసరడం మానేసి మమ్మల్నే చూస్తున్నారు. ఇక లాభం లేదని ఫోను తీసి చూపించాడు.

"మీరు మరోలా అనుకోవద్దు బావగారూ. లోడింగు టైములో ఎత్తొద్దని నాకు నేను రాసుకున్నానండి. అక్షరాలు ఎక్కువైపోయి 'లోడింగు టైములో' అన్నది పట్టలేదు."

"కంప్లైంట్ అన్నది పట్టిందే?"

"గౌరవానికి లోటు చెయ్యలేదు కదండీ. గారు పెట్టేను చూడండి."

లారీ మీదున్న వాళ్లలో ఒకడు, "నిజవేనండి, గారు పెట్టేరండి" అన్నాడు. వాడి ముఖం కూడా నాకు గుర్తుంది.

ఇంటికొచ్చి ఆ కంపెనీ వెబ్‌సైటు తెరిచాను. పేరు దిద్దుకోవాలంటే ముందు యాప్ పెట్టుకోవాలట. యాప్ పెట్టుకోవాలంటే ఫోనులో ఉన్న పేర్లన్నీ చూడనివ్వాలట. అందరూ చూడకుండా నొక్కేసే ఆ షరతులు నేను మొదటి నుంచి చివరి దాకా చదివాను, రెండు పూటలు పట్టింది. నా పేరు బాగుపడాలంటే నా ఫోనులో ఉన్న ప్రతివాడి పేరూ అప్పగించాలి. రాయవరంలో మా మేనత్త, విత్తనాలిచ్చే ఆయన, పశువుల డాక్టరు, అందరినీ.

పక్కింటి కోడలు గోడ మీద నుంచి, "ఇచ్చెయ్యండి మావయ్యగారూ, మీ నంబరు కూడా వాళ్లకి అలాగే ఎల్లింది కదండీ" అంది.

"అందుకే ఇవ్వను. నాకు చేసింది నేను ఇంకొకరికి చెయ్యను."

మా ఆవిడ వంటింట్లో నుంచి, "పోనీ ఆ ఫోనులు చెయ్యడం మానేస్తే పోలా?" అంది. తీగ తెగిన రోజున నాకెందుకులే అని నేను వెళ్లిపోయి ఉంటే ఆ స్కూటీ ఎక్కడ ఆగేదో ఆవిడకి తెలియక కాదు.

మనుషుల వివరాల మీద కొత్త చట్టం వచ్చిందనీ, ఎవరి సంగతి తప్పుగా ఉన్నా వాళ్లు దిద్దమని అడగొచ్చనీ, కంపెనీవాళ్లు జవాబు చెప్పే మనిషి ఒకరిని పెట్టాలనీ పేపర్లో చదివి కత్తిరించి ఉంచాను. ఆ కాగితం పక్కన పెట్టుకుని కంపెనీకి మెయిల్ రాశాను. నేను యాప్ పెట్టుకోలేదని, ఎవరికీ అనుమతి ఇవ్వలేదని, నా నంబరు ఎత్తకపోవడం వల్ల కాలవగట్టు మీద ఏం జరగబోయిందో మొత్తం రాశాను. ఒక్క నిమిషంలో జవాబు వచ్చింది.

'ప్రియమైన కంప్లైంట్ గారు ఎత్తొద్దు, మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు. మీ పేరును మీ పరిచయస్తులు నిర్ధారించారు. వారు మరొక పేరును ఎక్కువగా సూచిస్తే అది మారుతుంది.'

సరే, ఊరు పెట్టిన పేరు ఊరితోనే మార్పిద్దామనుకున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మనుషులు పారిపోవడానికి బద్ధకించే వేళ చూసి, ఇంటింటికీ వెళ్లాను. నా ఎదురుగానే ఫోను తీయించి పాతది కొట్టేయించి కొత్తది రాయించాను. అందరూ ఎంత మర్యాదగా చేశారని! మంచినీళ్లిచ్చారు, కుర్చీ వేశారు, "ఆయ్, తప్పైపోయిందండి" అన్నారు. లైన్‌మాన్ అయితే నా ముందే రెండుసార్లు నొక్కి చూపించాడు.

వారం తర్వాత పక్కింటి కోడల్ని యాప్‌లో చూడమన్నాను. ఆమె ఫోను తిప్పి చూపించింది. ఎర్రగా, ఎప్పటిలాగే ఉంది.

"ఏమైందమ్మా? అందరూ మార్చారు కదా."

"మార్చేరండి. నేను కూడా అడిగి చూసొచ్చేను. మాస్టారేవో 'తమ్ముడుగారు' అని రాసేరండి. వాళ్లబ్బాయి బాబాయిగారని రాసేడు. లైన్‌మాన్ పెద్దబాబుగారన్నాడు. కిరాణా కొట్టాయన అన్నయ్యగారు. ఆయన భార్య బావగారు. నేనేవో మావయ్యగారు రాసేను. ఏ రెండూ కలవట్లేదండి."

అప్పుడు నాకు అర్థమైంది. ఊళ్లో ప్రతివాడికీ నేను ఏదో ఒక వరస అవుతాను. ఎవరి వరస వాళ్లు రాశారు. ఆ యాప్‌కి నేను పాతికమంది మనుషుల్లా కనిపించి ఉంటాను. మా గ్రూపు నుంచి ఆ కార్డు అందుకుని దాచుకున్న చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇంకా అలాగే ఉంచారు, వాళ్లందరి దగ్గరా ఉన్న ఒకే మాట కంప్లైంట్.

మళ్లీ బయల్దేరాను. ఈసారి వరస వద్దు, నా పేరు రాయమన్నాను. లైన్‌మాన్ ఫోను కింద పెట్టేశాడు.

"పేరెట్టి రాసెయ్యమంటారేటండీ? పెద్దోరు. బాగోదండి."

"ఎత్తొద్దు అని ఉంటే బాగుందా?"

"అది నేను రాయలేదు కదండీ, వచ్చింది. ఇది నా చేత్తో రాయాలి."

పేరుకి గారు తగిలించి రాయమంటే ఒప్పుకున్నారు. కానీ నా పేరు దేవుడి పేరు, ఊళ్లో మరో నలుగురికి ఉంది. ఏ పేరు ఎవరిదో తెలియాలి కదండీ అని ఒకరు ముందు కాలవగట్టు అని చేర్చారు, ఒకరు పెంకుటిల్లు అన్నారు, ఒకరు పొడుగాయన అన్నారు. కిరాణా కొట్టాయన ఏదో రాసి ఫోను బోర్లా పెట్టాడు. నేను అడిగితే నవ్వాడు. మా ఆవిడైతే అసలు రాయనంది. ఇన్నేళ్లలో నోటితో అననిది ఇప్పుడు వేలితో రాస్తానా అని, 'మా ఇంటాయన' అని రాసుకుని ఫోను బీరువాలో పెట్టేసింది.

ఇంత మర్యాద ఉన్న ఊళ్లో మనిషి తన పేరు తను సంపాదించుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

ఇక కంపెనీతోనే తేల్చుకుందామని, వెబ్‌సైటు అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న నంబరుకి ఫోను చేశాను. రెండు రింగులకి కట్ అయింది. మళ్లీ చేశాను. ఈసారి ఒక రింగుకే. మూడోసారి చేసేసరికి అసలు మోగనే లేదు. నాకు అనుమానం వచ్చింది. వాళ్ల టేబుల్ మీద ఫోనులో కూడా వాళ్ల యాపే ఉండాలి కదా. నేను ఫోను చేస్తే వాళ్లకి మాత్రం ఏ రంగులో కనిపిస్తాను?

మా ఆవిడ ఫోను తీసుకుని చేశాను. వెంటనే ఎత్తారు. ఎవరో అమ్మాయి, చక్కటి తెలుగు.

"నమస్కారం సార్, నేను మీకు ఏవిధంగా సహాయపడగలను?"

"నా నంబరు మీద ఒక పేరు ఉంది. అది తియ్యాలమ్మా."

"నంబరు చెప్పండి సార్."

చెప్పాను. టకటకా కొట్టిన శబ్దం వినిపించింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఎలా ఉంటుందో అలాంటి శబ్దం.

"నవ్వకమ్మా. నేను సీరియస్‌గా చెబుతున్నాను."

"నవ్వట్లేదు సార్. ఒక్క నిమిషం లైన్‌లో ఉండండి."

పాట పెట్టింది. పాట మొత్తం విన్నాను. రెండోసారి మళ్లీ అదే పాట. మూడోసారి మధ్యలో లైను తెగింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మర్నాడు చేశాను. ఆ మర్నాడు కూడా చేశాను. పదిహేను రోజులు, రోజుకి రెండుసార్లు, మా ఆవిడ ఫోను నుంచే చేశాను. నాకు వేరే దారి లేదు.

ఒకరోజు మా ఆవిడ రాజోలులో ఉన్న వాళ్ల అక్కయ్యకి ఫోను చేసింది. ఎత్తలేదు. వదినగారికి చేసింది. ఎత్తలేదు. జాకెట్లు కుట్టే ఆవిడకి చేసింది. ఎత్తలేదు. నా వైపు ఒక్క చూపు చూసి, ఫోను పట్టుకుని పక్కింటికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి ముఖం కందగడ్డలా ఉంది.

"ఏమని ఉంది?" అన్నాను.

"పేరు లేదు. ఎరుపు ఒక్కటే ఉంది. ఈ నంబరు విసిగిస్తుందని కంపెనీవాళ్లే పెట్టేరంట."

నేను ఏదో అనబోయాను. ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది. "మీ పేరు సంగతి మీరూ వాళ్లూ చూసుకోండి. నా అక్క నా ఫోను ఎత్తాలి. ఎలా చేత్తారో నాకు తెలీదండి. ఇన్నాళ్లూ మీరు ఎవరికి ఏ ఫోను చేసినా నేను ఏవన్లేదు. ఈ ఒక్కటీ చేసి పెట్టండి." అని లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ నన్ను ఏదైనా చేసిపెట్టమని అడగడం చాలా అరుదు. ఆ మాట నాకు కంపెనీ నవ్వు కంటే గట్టిగా తగిలింది.

ఆ సాయంత్రమే కాగితం మీద రాశాను. రిజిస్టర్డ్ పోస్టులో, రసీదు కార్డుతో, ఫిర్యాదుల అధికారి అని రాసి పంపించాను. మెషీను జవాబు చెప్పలేని విధంగా పంపాలంటే ఇప్పుడు మిగిలింది తపాలా ఒక్కటే. పది రోజులకి రసీదు కార్డు తిరిగి వచ్చింది. దాని మీద ఆకుపచ్చ సిరాతో ఒక సంతకం. పేరు ఏమిటో తెలియదు, మొదట్లో ఒక వంపు, చివర ఒక గీత. ఉత్తరానికి జవాబు రాలేదు. నెలలు గడిచాయి.

కాబట్టి అయ్యా, ఆకుపచ్చ సిరాతో సంతకం చేసినవారూ, మీరు మనిషే. మెషీను సంతకం చెయ్యదు. నా ఉత్తరం మీ చేతికి అందింది, ఆ కార్డు నా దగ్గర ఉంది. నేను మీ యాప్ పెట్టుకోలేదు. మా ఆవిడ పెట్టుకోలేదు. మా ఇద్దరి నంబర్లూ మీ దగ్గర ఉండడానికి అనుమతి ఎవరిచ్చారు? మా ఆవిడ నంబరు మీద ఆ ఎరుపు ఎప్పుడు తీస్తారు? ఈ రెండింటికీ జవాబు కావాలి. ఫోను చెయ్యనక్కర్లేదు, కాగితం మీద రాయండి, కింద మీ పేరు అర్థమయ్యేలా రాయండి. నేను ఎదురు చూస్తున్నాను. జవాబు చెప్పండి.